ఇండెక్స్ లాక్‌ల మీద పాత కామెంట్: తీసేయాలా, తిరగరాయాలా?

మధురవాడ_బ్యాకెండ్
మైగ్రేషన్ ఫైల్లో (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్) పైన "ఇండెక్స్ పెడితే టేబుల్ మొత్తం లాక్, రాత్రిపూటే నడపాలి" అని కామెంట్ ఉంది. కింద కమాండేమో క్రియేట్ ఇండెక్స్ కన్‌కరెంట్లీ, అంటే వెతుకులాట వేగం పెంచే ఇండెక్స్‌ని టేబుల్ వాడకంలో ఉండగానే కట్టేది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. టేబుల్‌లో పడేవి పోర్టు గేటు దగ్గర లారీల ఎంట్రీలు, రాత్రి కూడా ఖాళీ ఉండదు. ఆ కామెంట్ తీసేయొచ్చా?

ఎంవీపీ_డీబీఏ
తీసేయకండి, తిరగరాయండి. మామూలు క్రియేట్ ఇండెక్స్‌కి కూడా అది సగమే నిజం. అది పట్టేది షేర్ లాక్: సెలెక్ట్‌లు నడుస్తాయి, ఇన్‌సర్ట్, అప్‌డేట్, డిలీట్ (అంటే రాతలు) ఆగుతాయి. కన్‌కరెంట్లీ 2006లో పోస్ట్‌గ్రెస్ 8.2తోనే వచ్చింది. షేర్ అప్‌డేట్ ఎక్స్‌క్లూజివ్ పడుతుంది కాబట్టి రాతలు ఆగవు. బదులుగా టేబుల్‌ని రెండుసార్లు చదువుతుంది, పాత ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా కాచుకుంటుంది.

గాజువాక_ఆప్స్
ఆ కాచుకోవడమే అసలు చిక్కు, కామెంట్లో రాయాల్సిందీ అదే. ఈ టేబుల్‌ని ముట్టుకోని రిపోర్ట్ క్వెరీ అయినా, నడుస్తున్న పీజీ_డంప్ (బ్యాకప్ టూల్) అయినా, అదే డేటాబేస్‌లో పాత స్నాప్‌షాట్ (డేటా ఒక క్షణంలో ఎలా ఉందో ఆ దృశ్యం) పట్టుకుని ఉంటే చివరి దశ కదలదు. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి పీజీ_స్టాట్_ప్రోగ్రెస్_క్రియేట్_ఇండెక్స్ వ్యూ ఉంది. అందులో ఫేజ్ కాలమ్, కరెంట్_లాకర్_పిడ్ చూస్తే ఎవరి కోసం ఆగిందో తెలుస్తుంది.

మధ్యలో ఫెయిలైతే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ మిగులుతుంది. క్వెరీలు దాన్ని వాడవు, రాతల మీద బరువు మాత్రం పడుతూనే ఉంటుంది. ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టి మళ్లీ నడిపితే ఆ పేరు ఉంది కదా అని దాటేస్తుంది, మైగ్రేషన్ సక్సెస్ అంటుంది! పీజీ_ఇండెక్స్‌లో ఇండిజ్‌వాలిడ్ ఫాల్స్ ఉన్నవి వెతికి, డ్రాప్ ఇండెక్స్ కన్‌కరెంట్లీ చేశాకే మళ్లీ కట్టండి.

రుషికొండ_డెవ్
జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అయితే యాడ్‌ఇండెక్స్‌కన్‌కరెంట్లీ, దాంతోపాటు అటామిక్ = ఫాల్స్. ట్రాన్సాక్షన్ బ్లాక్‌లో ఈ కమాండ్ నడవదు.

ఎంవీపీ_డీబీఏ
కామెంట్లో వెర్షన్ తప్పనిసరి. "14లో కన్‌కరెంట్లీ వాడొద్దు" అనే కామెంట్ 14.0 నుంచి 14.3 వరకు అక్షరాలా నిజం, ఇండెక్స్ పాడయ్యే బగ్ ఉండేది. 2022లో 14.4తో సరిచేశారు. వెర్షన్ రాయకపోతే ఆ హెచ్చరిక 17లో కూడా జనాన్ని భయపెడుతూనే ఉంటుంది.

మధురవాడ_బ్యాకెండ్
రాసింది నిజమో కాదో ఎలా పరీక్షించాలండి?

గాజువాక_ఆప్స్
స్టేజింగ్‌లో (పరీక్షల కోసం పెట్టిన సర్వర్) మూడు సెషన్లు తెరవండి. మొదటి దాంట్లో బిగిన్, ఆ టేబుల్‌లో ఒక వరుస అప్‌డేట్, కమిట్ కొట్టొద్దు. రెండో దాంట్లో కన్‌కరెంట్లీ నడపండి, ఆగి ఉంటుంది. మూడో దాంట్లోంచి పీజీ_లాక్స్‌లో (ఎవరు ఏ లాక్ పట్టారో చూపే వ్యూ) మోడ్ చూసి, ఒక ఇన్‌సర్ట్ చేయండి. వెంటనే పడితే రాతలు ఆగట్లేదని రుజువు. తర్వాత మొదటిది రోల్‌బ్యాక్ చేయండి, రెండోది ముందుకెళ్తుంది.

సీతమ్మధార_మైఎస్‌క్యూఎల్
మా మైఎస్‌క్యూఎల్ వైపు కామెంట్ కన్నా గట్టి దారి ఉంది. ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్) స్టేట్‌మెంట్‌లోనే ఆల్గారిథమ్=ఇన్‌ప్లేస్, లాక్=నన్ రాసేయండి (5.6 నుంచి). వీలుకాని చోట, ఉదాహరణకు ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌కి, రాతల్ని ఆపకుండా నేరుగా ఎర్రర్ ఇస్తుంది. మొదట్లో, చివర్లో మెటాడేటా లాక్ (టేబుల్ నిర్మాణం మీద లాక్) మాత్రం క్షణంపాటు కావాలి. పొడవాటి ట్రాన్సాక్షన్ అడ్డుంటే దాని వెనక క్యూ పేరుకుంటుంది.