బిడ్డ దొరకని సినిమా: ముగింపు అట్లా ఉండొచ్చా?

బైరాగిపట్టెడ కుర్రోడు:
క్లింట్ ఈస్ట్‌వుడ్ 2008లో తీసిన 'ఛేంజ్‌లింగ్' ఇంట్లో అందరం చూసినాం. ఏంజెలీనా జోలీ తల్లి వేషం. 1928లో లాస్ ఏంజెలెస్‌లో నిజంగా జరిగిన కథ. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే క్రిస్టీన్ కాలిన్స్ కొడుకు, తొమ్మిదేళ్ల వాల్టర్, మార్చిలో కనబడకుండా పోతాడు. ఆగస్టులో పోలీసులు ఇంకెవరి పిల్లోణ్ణో తెచ్చి నీ కొడుకు వీడే అంటారు. కాదన్నందుకు ఆమెను పిచ్చాసుపత్రిలో వేస్తారు. ఇంత ఏడిపించి చివరకు కొడుకును చూపించరు. మా అమ్మ మధ్యలోనే కండ్లు తుడుచుకుంటా లేచిపోయింది. ఇది న్యాయమా? నా మటుకు కాదు.

చిత్తూరు టీచరమ్మ:
న్యాయమే తమ్ముడూ. ఆ తల్లికి కొడుకు దొరకనే లేదు, దొరికినట్టు తీస్తే అబద్ధమైపోదా? అసలు నాకు కడుపు మండింది వేరేచోట. గోడమీద కొడుకు ఎత్తుకు గీసిన గీత దగ్గర ఆ వచ్చినోణ్ణి నిలబెడుతుంది, వాడు గీతకంటే పొట్టి. ఎదిగే పిల్లోడు నెలల్లో పొట్టయిపోతాడా? పళ్ల డాక్టరు, బడి టీచరు కూడా వీడు వాడు కాదంటారు. పోలీసు కెప్టెన్ మాత్రం వినడు, ఎందుకంటే కొడుకును తెచ్చిచ్చినామని పేపర్లలో ఫొటోలు పడిపోయినాయి. చివర్లో వాల్టర్ పరిగెత్తుకుంటా వచ్చేసుంటే ఆ కెప్టెన్‌ను మనం అక్కడే మర్చిపోతాం.

పలమనేరు వదిన:
అంతా నిజమే టీచరమ్మా. కానీ బిడ్డ పోయిన తల్లే ఒకామె హాల్లో కూర్చోనుంటే? ఆమె ఏం పట్టుకుని ఇంటికి పోవాలి?

శ్రీవారి సేవకుడు:
తిరుమలలో సేవకు పోతుంటాను. కల్యాణకట్టలో గుండు చేయించినాక పిల్లోడు తప్పిపోతే తల్లి ఫోన్లో ఉండేది జుట్టున్న ఫొటో. చుట్టూ చూస్తే అందరివీ గంధం పూసిన గుండ్లే. అప్పుడు ఫొటో కంటే తల్లి చెప్పే గుర్తులే అక్కరకొస్తాయి: చెవి వెనక మచ్చ, మొలతాడుకు కట్టిన తాయెత్తు, ఇంట్లో ఏ ముద్దుపేరుతో పిలిస్తే తిరిగి చూస్తాడో. ఆమె ఏడుస్తా చెప్తుంది, సగం అర్థం కాదు, అయినా ఓపిగ్గా వినాల. ఈ సినిమాలో ఆ వినేవాడే లేడు. నేను టీచరమ్మ పక్షం.

కోర్టు వీధి:
తెలియనోళ్ల కోసం ఒక మాట. బిడ్డ కనబడలేదని ఫిర్యాదొస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరోజు చూడమ్మా, వాడే వస్తాడులే అని పంపించేదానికి లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయండి.

బైరాగిపట్టెడ కుర్రోడు:
కెప్టెన్ సంగతి ఒప్పుకుంటా అక్కా. అయినా చివర్లో ఆమెకు ఆశ చూపించి అక్కడే వదిలేస్తారే, అది మరీ క్రూరం. లేదంటే లేదని తేల్చేయొచ్చు కదా?

చిత్తూరు టీచరమ్మ:
ఎవరు తేల్చాల తమ్ముడూ? ఆమె మనసుకే అది తేలలేదు. ఆ కెప్టెన్ మీద కేసు గెలిస్తే 1930లో కోర్టు 10,800 డాలర్లు ఇమ్మనింది, ఆయన అదీ కట్టలేదు. కొడుకూ రాలేదు, సొమ్మూ రాలేదు. వెతకడం మాత్రం ఆమె మానలేదు. ఆమెకే తేలనిది మనకెట్లా తేలుస్తారు?

పలమనేరు వదిన:
మీ మాట కాదనలేను. అయినా మా అత్తను ఈ సినిమాకు కూర్చోబెట్టను.