‘అంటు’ అందామా, ‘పట్టు’ అందామా?

హనుమకొండలో క్యాన్సర్ అవగాహన క్యాంపు కోసం ఒక కరపత్రం తెలుగులో రాస్తున్నా. కణాన్ని పక్క కణానికి కలిపి ఉంచే ప్రోటీన్లకు ‘అంటుకునే అణువులు’ అని పెట్టా. చదివి వినిపిస్తే మా అత్తమ్మ, “అయితే క్యాన్సర్ అంటుకుంటదా బిడ్డా?” అంది. పెన్ను అక్కడే ఆగిపోయింది.

అంటుమామిడి దాకా బాగానే ఉంటుంది గానీ, జబ్బు పక్కన ‘అంటు’ చేరితే అంటువ్యాధే గుర్తొస్తుంది. పైగా అంటూముట్టూ అనే పాత మరక ఒకటి. పుస్తకాల ‘ఆసంజనం’ క్యాంపుకొచ్చేవాళ్లకు ఎక్కదు.

నా ఓటు ‘పట్టు’కి. ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్ కాల్షియం ఉంటేనే పక్క కణాన్ని పట్టుకోగలదు. ఆ ప్రోటీన్ తగ్గితే కణం పట్టు తప్పి గడ్డలోంచి జారుకుంటుంది. రొమ్ము క్యాన్సర్లలో లోబ్యులర్ (పాల గ్రంథుల్లో మొదలయ్యే) రకానికి చాలావరకు ఈ ప్రోటీనే ఉండదు. మైక్రోస్కోపులో ఆ కణాలు గుంపుగా కాక, ఒకదాని వెనక ఒకటి చీమల బారులా కనిపిస్తాయి.

కామెంట్: మాది కొత్తవాడ, మగ్గాల ఇల్లు. అచ్చు అతికేటప్పుడు పాత పోగుకు కొత్త పోగు మెలిపెడతాం. ‘అతుకు’ అనొచ్చు కదా? ‘పట్టు’ అంటే చీర అనుకుంటారు!

జవాబు: చీర సంగతి నిజమే, ‘పట్టుకునే అణువులు’ అంటే సరిపోతుందేమో. అతుకు మాత్రం ఒకసారి వేస్తే అలాగే ఉండాలి. తెల్లరక్తకణానికి అలా కుదరదు. రక్తనాళం గోడ మీద ఉండే సెలెక్టిన్లు అనే పట్టుకునే అణువులు దాన్ని పట్టీ వదిలీ, పట్టీ వదిలీ దొర్లిస్తాయి. నెమ్మదించాక ఆ కణం మీదుండే ఇంటిగ్రిన్లు అనే ఇంకో రకం అణువులు గోడను గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడే సందులోంచి దూరి పుండు దగ్గరికి పోతుంది.

కామెంట్: నేను నర్సును. పుట్టుకతోనే బీటా-2 అనే రకం ఇంటిగ్రిన్ లోపమున్న పిల్లలకు రక్తంలో తెల్లకణాలు బోలెడుంటాయి, అయినా అవి పుండు దాకా చేరలేవు గనక చీము పట్టదు. బొడ్డు ఊడటం కూడా ఆలస్యమే. ‘చీము పట్టడం’లోనూ మీ మాటే ఉంది చూడండి.

జవాబు: ఆ ‘పట్టడం’ అర్థం వేరేలెండి, తుప్పు పట్టడం లాంటిది. అయినా చెవికి బాగుంది!

ఇప్పుడు రాసింది ఇది: “క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. పట్టు తప్పిన కణాలు ఒంట్లోనే వేరే చోటికి పోతాయి.” మళ్లీ వినిపించా. అత్తమ్మ ఊరుకోలేదు: “పోయి, అక్కడ దేన్ని పట్టుకుంటయి?”

తెల్లకణాలకు పనికొచ్చే ఆ సెలెక్టిన్లనూ ఇంటిగ్రిన్లనూ ఈ క్యాన్సర్ కణాలూ వాడుకుంటాయి. ఇంకో వాక్యం కలపాలి.