నీలగిరి కొట్టించిన చెలకలో మిగిలిన మొద్దులను ఏం చేయాలి?

దేవరకొండ రైతు:
మా చెలకలోని నీలగిరి తోటను ఈ వేసవిలో కొట్టించి కర్ర అమ్మేశాము. ఇప్పుడు జానెడు ఎత్తున మొద్దులు మిగిలాయి, కొన్నిటికి అప్పుడే పిలకలు వస్తున్నాయి. ఈ వానాకాలం కంది వేసి, వచ్చే ఏడాది బత్తాయి పెట్టాలని ఆలోచన. జేసీబీతో పెకిలిస్తే ఖర్చు ఎక్కువని, డీజిల్ పోసి కాల్చేయమని కొందరు, గ్లైఫోసేట్ అనే కలుపు మందు పూయమని కొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కల్వకుర్తి నుండి:
దయచేసి కాల్చవద్దు. పచ్చి మొద్దు పైపైన మాడుతుందే తప్ప వేళ్లదాకా కాలదు, పైగా మన ఎర్ర చెలకల్లో అసలే తక్కువగా ఉండే సేంద్రియ పదార్థం కాలినచోట నశిస్తుంది. బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు చెట్టు నరకగానే మేల్కొని, వేళ్లలో నిల్వ ఉన్న ఆహారంతో పిలకలుగా పెరుగుతాయి. కాగితం మిల్లులకు కర్ర పెంచేవారు ఒకసారి నాటి రెండు మూడు కోతలు తీసేది ఈ గుణం వల్లనే. కాబట్టి మొద్దు చుట్టూ మట్టి తోడి, బెరడును నేలమట్టానికి కిందిదాకా ఒలిచి, పిలకలను లేతగా ఉండగానే మళ్లీ మళ్లీ విరిచేస్తుంటే ఆ నిల్వ తరిగిపోయి మొద్దు చస్తుంది.

హాలియా నుండి:
కంది వరకైతే అది సరిపోతుంది, బత్తాయికి చాలదని నా అభిప్రాయం. చచ్చిన వేళ్లను ఆశ్రయించి చెదలు, వేరుకుళ్లు కలిగించే శిలీంధ్రాలు పెరిగి కొత్త మొక్కలకు పాకే ప్రమాదం ఉంది. అందువల్ల బత్తాయి వరుసల్లోకి వచ్చే మొద్దులనైనా, తొలకరి పడి నేల పదునెక్కాక, కంది విత్తే ముందే జేసీబీతో లాగించి వేళ్లు ఏరించండి. తవ్వేటప్పుడు పైమట్టిని ఒక పక్కకు వేరుగా పోయించి, గుంత పూడ్చాక అదే పైన ఉండేలా దగ్గరుండి చూసుకోండి. లేకపోతే మొరం పైకి వచ్చి ఏళ్ల తరబడి అక్కడ పైరు ఎదగదు. కంది కోసేసరికి గుంతలు కుంగుతాయి, అప్పుడు చదును చేయించి అంట్లు నాటవచ్చు.

మహబూబ్‌నగర్ నుండి:
గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చింది కనుక మండల వ్యవసాయ అధికారిని అడగకుండా ముట్టవద్దు. అదీగాక అలాంటి మందు నరికిన వెంటనే, పచ్చి కోత మీద పూస్తేనే లోపలికి దిగుతుంది, ఆరిన మొద్దు దాన్ని పీల్చుకోదు. గట్ల మీద సర్కారు తుమ్మ ఉంటే దానికి బెరడు ఒలవడం పనిచేయదు. దాని మొగ్గలు మట్టిలోపల ఉండే మొదలు భాగంలో ఉంటాయి కాబట్టి అడుగు లోతున తవ్వి వేరు నరకవలసిందే.