గాలిమర లీజు: గడువు తీరాక పునాది తీయించే షరతు ఎలా రాయించాలి?

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతం. గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీటి నుంచి తీసే ఇంధన వాయువు) తయారీకి కావలసిన కరెంటు కోసం ఒక కంపెనీ మా 11 ఎకరాల మెట్ట పట్టా భూమిని 30 ఏళ్ల లీజుకు అడుగుతోంది. 7 ఎకరాల్లో సోలార్ ప్యానెళ్లు, మిగతా దాంట్లో ఒక గాలిమర పెడతారట. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది, ఎండ ఒక్కటే చాలదు, గాలీ కావాలి అన్న వారి మాట సబబే. ప్రాజెక్టు రావాలని నాకూ గట్టిగా ఉంది. కౌలు మొత్తం, పెంపుదల, రిజిస్ట్రేషన్ విషయంలో పేచీ లేదు.

చిక్కంతా ఒక్క వాక్యంతో. ‘గడువు ముగిశాక కంపెనీ తన యంత్రాలను తీసుకుపోవచ్చు’ అని ముసాయిదాలో ఉంది. తీసుకుపోవాలి అని లేదు. గాలిమర పునాది అంటే వందల ఘనపు మీటర్ల కాంక్రీటు. అది మిగిలితే మా పిల్లలు అక్కడ నాగలి దించలేరు. పైగా లీజు హక్కును కంపెనీ బ్యాంకుకు తాకట్టు పెట్టుకోవచ్చని మరో షరతు ఉంది; రేపు ఆ అప్పు తీరకపోతే పునాది తీసే బాధ్యత ఎవరిదో తెలియదు.

మార్చమంటే నమూనా పైనుంచి వచ్చిందని ఏజెంటు అంటున్నాడు. షరతుల సంగతి తమది కాదని రిజిస్ట్రేషన్ కార్యాలయంలో చెప్పారు. కట్టినవి తీసేస్తే భూమిని తీసుకున్న స్థితిలోనే వదలాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉందని, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే అదే చెల్లుతుందని మా వకీలు చెప్పారు. కానీ ఇలాంటి లీజు ఆయన ఇంతవరకు రాయలేదు.

గాలిమరకు భూమి లీజుకిచ్చిన రైతులు, ఆ పత్రాలు రాసిన వకీళ్లు చెప్పండి: పునాది తొలగింపునకు బ్యాంకు గ్యారంటీ లేదా డిపాజిట్ ఉండేలా కంపెనీ ఒప్పుకున్న షరతును మీ పత్రంలో ఏ మాటల్లో రాయించారు?