గిటార్ పెడల్‌ని ఆంప్‌ని బట్టి కొనాలా, ఏ ఆంప్ దొరికినా పనికొచ్చేది కొనాలా?

ఓరుగల్లు తీగ:
అన్నలకు నమస్తే. నా దగ్గర గిటార్ శబ్దం పెంచే 15 వాట్ల చిన్న సాలిడ్ స్టేట్ (వాల్వులు లేని) ఆంప్ ఉంది, ఇంట్ల వాయించుకునేది. మిడ్స్ (మధ్య స్థాయి శబ్దాలు) ఎక్కువుండే ఓవర్‌డ్రైవ్ పెడల్, అంటే శబ్దానికి గరగర తెచ్చే కాలి పెట్టె, ఒకటి సెకండ్ హ్యాండ్‌ల కొన్న. వీడియోలల్ల విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి తెచ్చి ఆంప్ క్లీన్ ఛానెల్‌ల (గరగర లేనిది) పెడితే జలుబు చేసినోడు ముక్కుతోని పాడినట్టుంది. డ్రైవ్ మొత్తం తిప్పినా బరువు రాదు. వచ్చే నెల కాలేజీ ఫెస్ట్‌ల వాయించాలె, అక్కడ ఏ ఆంప్ ఇస్తరో తెల్వదు. పెడల్ మార్చాల్నా, ఆంప్ మార్చాల్నా? చేతిల 6 వేలున్నయ్.

వేడి వాల్వు:
తమ్ముడూ, పెడల్‌ది తప్పు కాదు. ఆ రకం పెడల్ ఉన్నదే అప్పటికే కాగుతున్న వాల్వు (గాజు గొట్టాల) ఆంప్‌ని ఇంకాస్త నెట్టడానికి. ఆ రకంలో పేరున్న ట్యూబ్ స్క్రీమర్ పెడల్ సర్క్యూట్ చూడు. సుమారు 720 హెర్ట్జ్ కంటే కింద ఉన్న శబ్దానికి గెయిన్ (పెంపు) తక్కువ ఇస్తుంది, పైన ఉన్నదాన్ని కూడా మెత్తబరుస్తుంది, మధ్యది మాత్రం ముందుకు తోస్తుంది. మార్షల్ జేసీఎం 800 అనే వాల్వు ఆంప్ ముందు పెట్టి డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా పైకి పెడితే లావు తీగలు బురద కాకుండా ఒక్కో దెబ్బా విడిగా వినిపిస్తుంది. గర్జన ఆంప్‌ది, పెడల్ దాన్ని చెక్కుతుంది అంతే. నీ క్లీన్ ఛానెల్‌లో చెక్కడానికి ఏమీ లేదు. ఇంకొంచెం డబ్బు కలిపి చిన్న వాల్వు ఆంప్ చూసుకో, పెడల్ సంగతి తర్వాత.

చిన్న గది:
ముందు గోడ ప్లగ్గులో ఎర్త్ ఉందో లేదో చూడు. లేకపోతే ఏ పెడల్ పెట్టినా గుయ్యిమనేదే.

బ్యాగులో పెడల్:
6 వేలకి "ఇంకొంచెం" కలిపితే వాల్వు ఆంప్ రాదండి. పైగా అతను అడుగుతున్నది ఫెస్ట్ గురించి. స్టేజీ మీద అదృష్టం బాగుంటే రోలాండ్ జాజ్ కోరస్ 120 ఉంటుంది. 1975లో వచ్చిన ఆంప్, 60 వాట్లవి రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. అందులో వాల్వులు లేవు. లెవెల్ పెంచి నెడితే శబ్దం పెరుగుతుంది గానీ చిక్కబడదు. కాబట్టి అక్కడ శబ్దాన్ని పగలగొట్టే పని మొత్తం పెడలే చెయ్యాలి. ర్యాట్ లాంటి డిస్టార్షన్ పెడల్ తీసుకో తమ్ముడూ. దాని ఫిల్టర్ నాబ్ మామూలు టోన్ నాబ్‌కి తిరకాసు, కుడికి తిప్పేకొద్దీ పదును తగ్గుతుంది. జాజ్ కోరస్‌కి ఉండే పదునుకి అదే మందు. బ్రైట్ స్విచ్ మాత్రం ఆపెయ్యి.

డల్లాస్ రాత్రి షిఫ్ట్:
మా ఊళ్లో పుట్టిన గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ఫెండర్ ఆంప్‌ల ముందు ట్యూబ్ స్క్రీమరే పెట్టాడు. ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి ఆంప్‌లలో మిడ్స్ లోతుకి పోయి ఉంటాయి, ఆ పెడల్ మిడ్స్ సరిగ్గా ఆ గుంటని పూడుస్తాయి. అదే ఆంప్ ముందు బాస్ కంపెనీ డిస్టార్షన్ పెడల్ డీఎస్ 1 పెడితే దాని టోన్ సర్క్యూట్‌లోనూ 500 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒక గుంట ఉంది. గుంట మీద గుంట. గదిలో ఒక్కడివే వాయిస్తే గంభీరంగా ఉంటుంది, డ్రమ్స్ మొదలవగానే గిటార్ కనబడకుండా పోతుంది. మిడ్స్ ముందుకుండే మార్షల్ దగ్గరైతే అదే డీఎస్ 1 చక్కగా కూర్చుంటుంది. 

వేడి వాల్వు:
నేను చెప్పిందీ అదే. ఆంప్ పేరు తెలియకుండా పెడల్ పేరు చెప్పడమంటే కాలు కొలవకుండా చెప్పులు కుట్టడం. ఇంకోటి. ప్రశ్నలో అతను చెప్పింది ఓవర్‌డ్రైవ్, బ్యాగులో పెడల్ గారు చెబుతున్నది డిస్టార్షన్. రెండూ ఒకటి కాదు.

బ్యాగులో పెడల్:
ఒకటని నేనెక్కడన్నాను?

వేడి వాల్వు:
ఓవర్‌డ్రైవ్ ఆంప్‌తో కలిసి పనిచేస్తుంది. డిస్టార్షన్ ఆంప్‌ని పక్కకి నెట్టి తన మాటే చెబుతుంది. ఆ తేడా తెలియకుండా కుర్రాడికి కొనిపించకండి.

సోల్డర్ వాసన:
సర్క్యూట్ పరంగా తేడా ఇంత. ట్యూబ్ స్క్రీమర్‌లో డయోడ్లు ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంటాయి, శబ్ద తరంగం తల మెత్తగా వంగుతుంది, అసలు సిగ్నల్ కొంత అలాగే మిగులుతుంది. డీఎస్ 1, ర్యాట్‌లలో డయోడ్లు గ్రౌండ్‌కి ఉంటాయి, తల కత్తిరించినట్టు తెగుతుంది. పేరు మీద దెబ్బలాడుకోవడం కంటే నాబ్‌ల సంగతి చెప్పండి. ఇంట్లో తక్కువ శబ్దంలో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి, ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే అందరం ఇంట్లో ఆ రెండూ పెంచేస్తాం. అవే నాబ్‌లతో స్టేజీ ఎక్కితే చెవులు కోస్తుంది. ఫెస్ట్ రోజు ట్రెబుల్, బేస్ తగ్గించి, మిడ్స్ పెంచి, గెయిన్ ఇంట్లో కంటే తక్కువతో మొదలుపెట్టు.

వేడి వాల్వు:
సర్క్యూట్ బాగానే చెప్పారు. కానీ వాల్వు ఆంప్ ముందు నిలబడి ఒక్కసారైనా వాయించనివాడికి పెడల్ మంచిచెడ్డలు తెలియవు. ఇది నా 25 ఏళ్ల అనుభవం.

బ్యాగులో పెడల్:
అంటే మాలాంటివాళ్లం నోరు మూసుకోవాలా? అనుభవం నాకూ ఉంది, చెబుతాను వినండి. పోయినేడాది ఒక కాలేజీలో ఆంప్ ఇస్తామని ఫోన్లో చెప్పారు. వెళ్లాక మిక్సర్ నుంచి ఒక వైరు చేతికిచ్చారు. గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. మిక్సర్ నుంచి పెద్ద స్పీకర్లకి వెళితే ఆ జల్లెడ ఉండదు. డిస్టార్షన్ నొక్కగానే కాగే నూనెలో నీళ్లు పడ్డట్టు చిటపట. ముందు వరుసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. రెండో పాటకి సౌండ్ అతను నా ఛానెల్ మూసేశాడు. మిగతా మూడు పాటలూ వినబడని గిటార్ వాయించాను, మా అమ్మ కూడా వచ్చింది ఆ రోజు. ఆ మర్నాడే క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ శబ్దాన్ని అనుకరించేది) ఉన్న పెడల్ కొన్నాను. ఇప్పుడు చర్చిలో ఆదివారం మిక్సర్‌లోకి వాయించినా, ఎక్కడైనా ఆంప్ దొరికినా నా శబ్దం నాతోనే ఉంటుంది. మీ చెప్పుల లెక్క కాలు మనదైనప్పుడు కదండీ!

చిన్న గది:
అన్నా, నాకూ ఇదే జరిగింది. వేరే ఊళ్లో.

వేడి వాల్వు:
మీకు జరిగింది అన్యాయం, కాదనను. కానీ నా మాటా వినండి. వైజాగ్‌లో ఒక ఫంక్షన్ హాలుకి నా ఆంప్ ఆటోలో వేసుకెళ్లాను. 30 కిలోలకి దగ్గర, రెండు అంతస్తులు మోశాను. వాల్యూమ్ 2 దాటనివ్వలేదు. ఆ 2 మీద కూడా ఎక్కువైందని స్పీకర్ ముందు దుప్పటి కప్పారు. తర్వాత స్టేజీ ఎక్కలేదు నేను. మీరంతా సర్దుకుపోయి వైరులోకి వాయిస్తున్నారు కాబట్టే నిర్వాహకులు ఆంప్ అద్దెకి తేవడం మానేశారు. డ్రమ్స్ కావాలంటే తెస్తారు, కీబోర్డ్ స్టాండ్ తెస్తారు. గిటార్ వాడికి మాత్రం వైరు. ఎందుకంటే మనం అడగం. నా కోపం మీ పెడల్ మీద కాదు.

బ్యాగులో పెడల్:
ఈ మాట మొదటే చెబితే పోయేది కదండీ. కానీ ఒప్పుకోను. అడిగితే "అయితే వేరేవాణ్ణి పిలుస్తాం" అంటారు, అలా నాకు రెండు ప్రోగ్రాములు పోయాయి. మీకు ఇంట్లో ఆంప్ ఉంది కాబట్టి స్టేజీ మానేసినా గిటార్ మిగిలింది. నేను మానేస్తే నాకు గిటారే లేదు.

వేడి వాల్వు:
అడగడం మానకూడదన్నదే నా మాట. వాయించడం మానమనలేదు. నేను మానేశాను, అది నా బాధ.

డల్లాస్ రాత్రి షిఫ్ట్:
ఇక్కడ కూడా చాలా హాళ్లలో స్టేజీ మీద ఆంప్ శబ్దం వద్దంటున్నారు. మీ ఊరి జబ్బు మాత్రమే కాదు.

ఓరుగల్లు తీగ:
అన్నలు, నేను రాత్రి కూసోని చూసిన. క్లీన్ ఛానెల్ వదిలి నా ఆంప్‌లనే ఉన్న డ్రైవ్ ఛానెల్ పెట్టిన, గెయిన్ సగం కంటె తక్కువ. పెడల్ డ్రైవ్ దాదాపు సున్న, లెవెల్ నాబ్ గడియారం ముల్లు లెక్క 3 గంటల కాడ. ముక్కు శబ్దం పోయింది! వాల్వులు లేకున్నా లావు తీగలు గట్టిగ పడుతున్నయ్. పెడల్ అమ్మను. ఫెస్టోళ్లకు ఫోన్ చేసిన, "ఆంప్ ఉన్నది, నల్లగుంటది" అన్నరు. పేరు తెల్వదట. శుక్రవారం పోయి చూస్త.

బ్యాగులో పెడల్:
ఫోటో తీసి పెట్టు, వెనకవైపు కూడా. క్లీన్ ఒక్కటే ఉన్న ఆంప్ అయితే నీ పెడల్ ఒక్కదానితో బరువు రాదు, ర్యాట్ లాంటిది దాని వెనకాల పెట్టాలి. అసలు ఆంపే లేకపోతే క్యాబ్ సిమ్యులేషన్ కావాలి, నాది పంపిస్తా, వాయించాక తిరిగిచ్చెయ్.

వేడి వాల్వు:
ఆంప్ లేదంటే ఆ రోజే, ఆ గదిలోనే అడుగు తమ్ముడూ. అద్దె ఎంతవుతుందో కనుక్కుని చెప్పు, సగం నేను పెడతాను.