ఫాస్ట్‌మ్యాథ్ పెడితే ఆర్గాన్ సిమ్యులేషన్‌లో మొత్తం శక్తి పెరిగిపోతున్నది

విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు చూపించడానికి, 1964లో భౌతిక శాస్త్రవేత్త అనీసుర్ రహ్మాన్ చేసినట్టే 864 ఆర్గాన్ పరమాణువుల కదలికను లెక్కించే ప్రోగ్రామును సీ భాషలో, సింగిల్ ప్రెసిషన్‌లో (32 బిట్ల దశాంశ సంఖ్యలతో) రాశాను. స్థానాలను కాహాన్ పద్ధతిలో, అంటే ప్రతి కూడికలో పోయిన చిన్న భాగాన్ని తర్వాతి కూడికలో సరిచేస్తూ, కలుపుతున్నాను. జీసీసీ కంపైలర్‌లో వేగం పెంచే ఓ3 ఆప్షన్‌తో 50,000 కాలపు అడుగుల (సమయాన్ని కొద్దికొద్దిగా ముందుకు జరిపే దశల) వరకు మొత్తం శక్తి నిలకడగా ఉంటున్నది. దానికి ఫాస్ట్‌మ్యాథ్ (వేగం కోసం దశాంశ లెక్కల నియమాలను సడలించి, కూడికల వరుసను కూడా మార్చనిచ్చే ఆప్షన్) చేరిస్తే సుమారు 12,000 అడుగుల తర్వాత క్రమంగా పెరుగుతున్నది. కాలపు అడుగును 10 నుంచి 5 ఫెమ్టోసెకన్లకు తగ్గించినా, ఒకే కోర్‌పై నడిపినా మార్పు లేదు. కూడికల వరుసను మార్చే అనుమతిని కంపైలర్‌కు పూర్తిగా తీసివేస్తే శక్తి నిలిచింది గానీ, బలాల లెక్కలో వచ్చిన వేగమంతా పోయింది. మా ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లకు ఆ వేగం చాలా అవసరం. కాహాన్ సవరణను కంపైలర్ సున్నాగా భావించి తొలగిస్తున్నదని నా అనుమానం. ఆ ఒక్క ఫంక్షన్‌లో మాత్రమే కూడికల వరుసను కాపాడి, మిగతా ప్రోగ్రాముకు ఫాస్ట్‌మ్యాథ్‌ను ఉంచడానికి జీసీసీలో నమ్మదగిన మార్గం ఏది?