ముసురులో నాటుకోళ్ల గూడు తడవకుండా ఎట్లా?

మాది నెల్లూరు జిల్లా అల్లూరు. పెరట్లో పదకొండు నాటుపెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ముసురు, సముద్రపు గాలి, చలి.

గూటికి పైన రేకులు, కింద మట్టి నేల. మూడు అంగుళాల మందాన ఊక పోస్తే రెండు రోజులకే ముద్దయింది. పొద్దున తలుపు తీస్తే కళ్లు మండేంత ఘాటు. నాలుగు వైపులా పట్టా కప్పాను. జల్లు ఆగింది గానీ ఘాటు ఇంకా పెరిగింది.

నిన్నటి నుంచి ఒక పెట్ట ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి మూలనే నిలబడుతోంది. రెట్టలో నెత్తురు చారలు కనిపించాయి. నీళ్లు తాగుతోంది, నూకలు ముట్టడం లేదు. విడిగా గంప కింద పెట్టాను. కొక్కెర తెగులు టీకా వేసవిలోనే వేయించాను. ఇది రక్తపారుడేమో అని టెన్షన్‌గా ఉంది.

అనుభవం ఉన్న అన్నలు, అక్కలు చెప్పండి. ఊకలో పొడి సున్నం కలిపితే కాళ్లకు ఇబ్బందా? గాలి ఆడేందుకు పట్టా ఎటువైపు వదలాలి? మిగతావాటికీ నీళ్లలో మందు కలపాలా? రేపు పశువుల ఆసుపత్రికి రెట్ట కూడా పట్టుకెళ్లాలా? ఇవి మా అమ్మ చేతి మీద పెరిగిన కోళ్లు, ఒక్కటి పోయినా ఆమె తట్టుకోలేదు.